కొత్త మెటల్‌లో కాస్త గాలి ఆడనివ్వండి

ఈమధ్య వస్తున్న హెవీ మెటల్ సంగీతపు ఆల్బమ్‌లలో సగానికి సగం, మూడో పాట దాటేసరికి నా చెవులు మొద్దుబారిపోతున్నాయి. పాటలు బాగోక కాదు. రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకులు) బాగానే కడుతున్నారు, పాడేవాళ్ల గొంతులు ఒకప్పటితో పోలిస్తే ఎంతో తయారై వస్తున్నాయి, డ్రమ్మర్లయితే వీళ్లసలు మనుషులేనా అనిపించే స్పీడులో వాయిస్తున్నారు. గొడవంతా సౌండుతోనే. మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా అన్నీ ఒకేసారి, అన్నీ ఒకే ఎత్తులో. గిటార్ కింద ఇంకో గిటార్, దాని కింద సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), దాని కింద నేల అదిరే బాస్ డ్రాప్, పైన గ్రౌల్ (గొంతు బొంగురు చేసి గర్జించినట్టు పాడటం), ఆ గ్రౌల్ వెనక మళ్లీ నాలుగు గ్రౌల్స్. ఇన్ని కుక్కాక బరువుగా వినిపించాలి కదా? వినిపించదు. రెండు నిమిషాలకి చెవి అలవాటు పడిపోయి, ఎంత గట్టిగా కొట్టినా "ఊఁ, తర్వాత?" అన్నట్టు కూర్చుంటుంది.

"రాక్ ఎప్పుడో పోయింది, ఆ రోజులే వేరు" అని నిట్టూర్చే బ్యాచ్‌లో మాత్రం నన్ను కలపకండి, ప్లీజ్. 2024, 2025 రెండూ ఈ సంగీతానికి మంచి ఏళ్లే. 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన గ్రామీల్లో బెస్ట్ మెటల్ పెర్ఫార్మెన్స్‌కి పోటీ పడ్డ ఐదుగురినీ చూడండి: గోజిరా, జూడాస్ ప్రీస్ట్, నాక్డ్ లూస్, మెటాలికా, స్పిరిట్‌బాక్స్. 1974లో మొదటి ఆల్బమ్ వేసిన పెద్దాళ్లూ (జూడాస్ ప్రీస్ట్), కెంటకీ నుంచి వచ్చిన హార్డ్‌కోర్ కుర్రాళ్లూ (నాక్డ్ లూస్) ఒకే వరసలో నిలబడ్డారు. గ్రామీ లిస్టు చూసి మెటల్ ఫ్యాన్స్ తిట్టుకోని సంవత్సరం అరుదు (1989లో మెటాలికాని కాదని ఫ్లూట్‌తో రాక్ వాయించే జెత్రో టల్‌కి ఇచ్చారు చూడండి, ఆ కోపం ఇంకా చల్లారలేదు), అయినా ఈ లిస్టుతో నాకు పెద్ద పేచీ లేదు. గెలిచింది ఫ్రెంచి బ్యాండ్ గోజిరా, పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో వాయించిన పాటకి. 2024 జూలై 26న, ఒకప్పుడు ఫ్రెంచి రాణి మేరీ ఆంటొనెట్‌ని బంధించి ఉంచిన కొన్సియెర్జెరీ భవనం కిటికీల దగ్గర నిలబడి, ఫ్రెంచి విప్లవం నాటి పాటని రెండు కాళ్లతో బాదే డబుల్ బేస్ డ్రమ్స్ మీద వాయించారు, పక్కన మరీనా వియోటి ఒపేరా గొంతుతో. ప్రపంచం మొత్తం చూస్తున్న కార్యక్రమంలో డెత్ మెటల్ గొంతు వినిపిస్తుందని ఎవడనుకున్నాడు!

సరే, సౌండు సంగతికి వద్దాం. పక్క పాట కంటే మన పాట గట్టిగా వినిపిస్తే జనం ఇటు తిరుగుతారని రికార్డింగ్ వాళ్లకి ఎప్పటి నుంచో ఒక నమ్మకం. దానికోసం మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు ఆఖరి మెరుగులు దిద్దేటప్పుడు, పెద్ద శబ్దాల నెత్తి మీద ఒకటి మొట్టి కిందకి నొక్కుతారు, చిన్న శబ్దాలని పైకి లాగుతారు, అన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చాక మొత్తం వాల్యూమ్ పెంచేస్తారు. కంప్రెషన్ అంటే ఇదే. కాస్త వాడితే పాట బిగువుగా ఉంటుంది, మరీ వాడితే డ్రమ్ దెబ్బకీ గిటార్ గీతకీ తేడా తెలియదు. 2008లో మెటాలికా డెత్ మాగ్నెటిక్ వచ్చినప్పుడు జరిగిన రచ్చ దీని గురించే. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లోకి కూడా వెళ్లాయి, కాకపోతే అక్కడికి అంతగా నొక్కని ట్రాకులు వెళ్లాయి. ఫ్యాన్స్ రెండూ పక్కపక్కన పెట్టి విని, గేమ్‌లో ఉన్నదే బాగుందని తేల్చేశారు, ఆల్బమ్‌ని మళ్లీ మిక్స్ చేయమని వేలమంది సంతకాలు కూడా పెట్టారు. డబ్బులిచ్చి కొన్న సీడీ కంటే బొమ్మ గిటార్‌తో ఆడుకునే ఆటలో డ్రమ్స్ బాగా వినిపించడం కంటే విచిత్రం ఏముంటుంది.

ఇప్పుడు ఆ పోటీకి అర్థమే లేదు. స్పాటిఫై లాంటివి అన్ని పాటల వాల్యూమ్‌నీ దాదాపు ఒకే స్థాయికి వాటంతట అవే సర్దేస్తున్నాయి. నువ్వు ఎంత గట్టిగా మాస్టర్ చేసి పంపినా అక్కడ తగ్గించేస్తారు, తగ్గించాక మిగిలేది నలిగిపోయిన పాట. కారణం పోయినా అలవాటు పోలేదు.

దీనికి తోడు డ్రమ్స్ సంగతి. చాలా కొత్త రికార్డుల్లో డ్రమ్మర్ కొట్టిన ప్రతి దెబ్బనీ కంప్యూటర్ తెర మీద గీతలకి సరిగ్గా జరుపుతారు. అంతటితో ఆగకుండా ఆ దెబ్బ అసలు శబ్దాన్ని తీసేసి, ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఇంకో శబ్దాన్ని దాని స్థానంలో అతికిస్తారు. పాట మొదట్లో కొట్టిన స్నేర్ డ్రమ్మూ చివర్లో కొట్టిన స్నేర్ డ్రమ్మూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. మనిషి అలా కొట్టడు. కోరస్ వచ్చేసరికి చెయ్యి తనకి తెలియకుండానే కాస్త బలంగా పడుతుంది, ఫిల్ (పాటలో రెండు భాగాల మధ్య డ్రమ్మర్ వేసే చిన్న మెలిక) నుంచి బయటికొచ్చేటప్పుడు ఒక వెంట్రుకవాసి ముందో వెనకో పడుతుంది. ఆ వెంట్రుకవాసిలోనే మనకి తల ఊగేది. బ్లాస్ట్ బీట్ (డ్రమ్స్‌ని మెరుపువేగంతో బాదడం) లాంటి చోట్ల కొంత సాయం లేకపోతే దెబ్బలు వినపడవనే వాదన ఉంది, ఒప్పుకుంటాను. కానీ నెమ్మదిగా నడిచే పాటలో కూడా అదే పని చేస్తే ఎలా?

గిటార్లు కిందకి దిగిపోవడం ఇంకో కథ. బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీకి పదిహేడేళ్ల వయసులో ఫ్యాక్టరీలో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. తీగలు నొక్కేది ఆ చేత్తోనే, ఆయన ఎడమచేతివాటం కాబట్టి. అందుకే సన్నటి తీగలు వాడాడు, కొన్నాళ్లకి వాటిని వదులు చేసి శ్రుతి కిందకి దించాడు, 1971 నాటి రికార్డులో ఆ సౌండు వినొచ్చు. ఆ మనిషికి అది అవసరం. ఇప్పుడు ఏడు తీగలు, ఎనిమిది తీగలు పెట్టి ఇంకా ఇంకా కిందకి పోతున్నారు. అంత కిందకి పోతే గిటార్, బేస్ గిటార్, కిక్ డ్రమ్ మూడూ ఒకే చోట గుద్దుకుంటాయి, ఎవరు ఏం వాయిస్తున్నారో మిక్సింగ్ చేసేవాడికి కూడా విడదీయడం కష్టం. స్వరం పోయి చప్పుడు మిగులుతుంది. మెషుగ్గా వాళ్లు ఎనిమిది తీగల మీద ఏళ్ల తరబడి అద్భుతాలు చేశారు నిజమే, కానీ వాళ్ల కిటుకంతా లయలో ఉంది. తీగలు లెక్కపెట్టుకుని కాపీ కొట్టినవాళ్లకి ఆ సంగతి తట్టలేదు.

అసలు ఈ బరువనేది ఎక్కడ పుట్టిందో వినాలంటే 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట పెట్టుకోండి. వాన, దూరంగా గంట, తర్వాత మూడు స్వరాలు: షడ్జం, పై షడ్జం, ప్రతిమధ్యమం. అంతే రిఫ్. మన చెవికి ఆ మూడో స్వరం ఎందుకంత గుచ్చుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు, పంచమం ఆసరా లేకుండా దాన్ని అలా గాల్లో వదిలేస్తారు. ఒక్కో స్వరానికీ మధ్య బోలెడంత ఖాళీ, ఆ ఖాళీలో బిల్ వార్డ్ డ్రమ్స్ చిన్నగా దొర్లుతుంటాయి. ఇప్పటి లెక్కల్లో చూస్తే అందులో ఏమీ లేదు, ఆల్బమ్ మొత్తం దాదాపు ఒక్క రోజులో రికార్డు చేశారు. అయినా ఇప్పటికీ ఆ రిఫ్ దిగితే కడుపులో ఏదో అవుతుంది. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు, గాయకుడు ఓజీ ఆస్బోర్న్ సింహాసనం మీద కూర్చునే పాడాడు. అదే నెల 22న పోయాడు. ఆ రోజు మొత్తం స్టేజి ఎక్కిన బ్యాండ్‌లలో టెక్నికల్‌గా వీళ్లని మించినవాళ్లు చాలామందే, కానీ వీళ్లలా ఆగి ఆగి వాయించే ధైర్యం అందరికీ లేదు.

మరి కొత్తవాళ్లలో ఆ ధైర్యం ఎవరికుంది? నాక్డ్ లూస్‌కి ఉంది. 2024 మేలో వచ్చిన వాళ్ల ఆల్బమ్ పది పాటలు, అరగంట కూడా ఉండదు. బ్రయన్ గారిస్ గొంతు మామూలు హార్డ్‌కోర్ గొంతు కాదు, సన్నగా, కీచుగా, పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు. గాయని పాపీతో కలిసి పాడిన సఫకేట్ పాటని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి జాగ్రత్తగా వినండి. ఇద్దరివీ కీచు గొంతులే, అయినా ఒకదానిమీద ఒకటి పడి కొట్టుకోవు, ఒకరు అరిచి ఆగితే ఇంకొకరు అందుకుంటారు. గిటార్లు కోసినట్టు ఆగుతాయి, ఆగినచోట నిజంగా ఏమీ ఉండదు, రీవెర్బ్ తోక కూడా ఉండదు. తర్వాత బ్రేక్‌డౌన్‌లో (వేగం తగ్గించి బరువుగా కొట్టే భాగంలో) ఉన్నట్టుండి రెగ్గేటన్ తాళం వస్తుంది! డాన్స్ పాటల్లో వినే అదే తాళం, మీద ఇంత లావు గిటార్లు. మొదటిసారి వింటే నవ్వొస్తుంది, రెండోసారికి మెడ దానంతట అదే కదులుతుంది. ఈ పాటని 2024 నవంబర్‌లో జిమ్మీ కిమ్మెల్ టీవీ షోలో వాయించారు. అర్ధరాత్రి టీవీ పెట్టుకుని నిద్రకి జోగేవాళ్ల పరిస్థితి తలుచుకుంటే జాలేస్తుంది.

చిత్రమేంటంటే అదే రెగ్గేటన్ తాళం మరుసటి ఏడాది స్లీప్ టోకెన్ అనే బ్యాండ్ కారమెల్ పాటలోనూ వచ్చింది. అక్కడ దాని పని పూర్తిగా వేరు, ఊపుతూ లాలిస్తూ పోతుంది, ఆ తీపిలోంచి చివర్లో గిటార్లు విరుచుకుపడతాయి. స్లీప్ టోకెన్ అనగానే "అది మెటలే కాదు" అనే గోల ఒకటి మొదలవుతుంది. ముసుగులు, పేర్లు చెప్పకపోవడం, సంప్రదాయం గిట్టనట్టు పాప్, ఆర్ అండ్ బి, ఇవన్నీ కలిపేయడం చూసి పాత ఫ్యాన్స్‌కి ఒళ్లు మండుతుంది. 2025 మేలో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ఈవెన్ ఇన్ ఆర్కేడియా అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నేరుగా నంబర్ వన్‌లో దిగాక ఆ మంట ఇంకా పెరిగింది. నాకైతే ఏ పేరు పెట్టినా ఒకటే. వాళ్లతో నా ఇబ్బంది వేరు. నెమ్మదిగా ఉన్నచోట చాలా బాగుంటారు, పియానో, ఆ వెసెల్ అనే ఆయన గొంతులో ఊపిరి కూడా వినిపిస్తుంది. ఎమర్జెన్స్ పాట చివర్లో శాక్సఫోన్ వచ్చినప్పుడు నేను నిజంగా లేచి కూర్చున్నాను. కానీ మెటల్ భాగం రాగానే పైన చెప్పిన రోగమంతా అక్కడే ఉంటుంది, అచ్చం ఫ్యాక్టరీలోంచి దిగిన బ్రేక్‌డౌన్. పాప్ కలిపారని తిట్టేవాళ్లు తప్పు చోట తిడుతున్నారు, తిట్టాల్సింది ఆ బ్రేక్‌డౌన్లని.

ఇంకా ఒకటుంది. ముప్పై సెకన్ల వీడియోల కోసం పాటలు రాస్తున్నారేమో అనే అనుమానం నాకు చాలా బ్యాండ్‌ల మీద ఉంది. స్లీప్ టోకెన్ ద సమ్మనింగ్ 2023 జనవరిలో అలాంటి క్లిప్పుల వల్లే పాకింది, కానీ అది ఆరు నిమిషాలు దాటిన పాట, చివర్లో ఫంక్ లోకి మళ్లుతుంది, క్లిప్ కోసం రాసింది కాదు. దాని వెనక బయల్దేరినవాళ్లు ఆ మలుపు ఒక్కటే పట్టుకున్నారు. మలుపు తిరగాలంటే ముందు కొంత దూరం తిన్నగా నడవాలి కదా!

తిన్నగా నడిచి మలుపు తిరగడం చూడాలంటే బ్లడ్ ఇన్‌కాంటేషన్. 2024 అక్టోబర్‌లో వచ్చిన ఆబ్సల్యూట్ ఎల్స్‌వేర్‌లో ఉన్నవి రెండే రెండు పాటలు, ఒక్కోటీ ఇరవై నిమిషాల పైచిలుకు, ఒక్కోదాన్నీ మూడు పలకలుగా విడగొట్టారు. డెన్వర్ డెత్ మెటల్ కుర్రాళ్లు బెర్లిన్ వెళ్లి హాన్సా స్టూడియోలో రికార్డు చేశారు, జర్మన్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ టాంజరిన్ డ్రీమ్‌లో వాయించే థోర్‌స్టెన్ క్వెష్నింగ్‌ని పిలిచి సింథ్ వాయింపించారు. మొదటి పాటలో మామూలు డెత్ మెటల్ విరుచుకుపడి, మీరు కుర్చీలో సర్దుకునేలోపే గిటార్లు తప్పుకుంటాయి. తప్పుకుంటే ఏం మిగులుతుంది? డ్రమ్స్, నిజమైన డ్రమ్స్, తోలు మీద పుల్ల పడ్డ శబ్దం, ఆ గది గోడలకి తగిలి వచ్చే శబ్దం. దాని మీద సింథ్ మెల్లగా పరుచుకుంటుంది. మళ్లీ గ్రౌల్ వచ్చేసరికి మీ చెవి దాని సంగతే మర్చిపోయి ఉంటుంది కాబట్టి అది అసలు సైజులో తగులుతుంది. వీళ్లు 2022లో మెటల్ అనేదే లేకుండా మొత్తం సింథ్‌తో ఒక రికార్డు వేశారు, అప్పుడు చాలామంది వీళ్లకేమైంది అన్నారు. ఇప్పుడు అర్థమవుతోంది, ఎంతసేపు ఆగాలో నేర్చుకున్నారు.

స్వీడన్ బ్యాండ్ ఓపెత్ గురించి చెప్పకపోతే తోటి ఫ్యాన్స్ ఊరుకోరు. 2008 నాటి వాటర్‌షెడ్ తర్వాత స్టూడియో ఆల్బమ్‌లలో వాళ్ల గాయకుడు మైకేల్ ఓకెర్‌ఫెల్ట్ గ్రౌల్ మానేశాడు. పదహారేళ్లు. "ఆ గొంతు తిరిగి ఎప్పుడు?" అని అడగని ఇంటర్వ్యూ లేదు. 2024 నవంబర్‌లో ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్‌తో తిరిగొచ్చింది. ఒక ఇంటి పెద్ద చనిపోయాక వీలునామా చదువుతుంటే ఒక్కో రహస్యం బయటపడటం ఇందులో కథ, పాటలకి పేర్లు కూడా లేవు, వీలునామాలో పేరాల్లాగా నంబర్లే, చివరి పాటకి తప్ప. అందులో గ్రౌల్ అంటే చచ్చిపోయిన ఆ పెద్దాయన గొంతు. అందుకే వచ్చినప్పుడల్లా ఒక పని మీద వస్తుంది. మధ్యలో మాటలు చెప్పేదీ, ఫ్లూట్ వాయించేదీ ఎవరనుకున్నారు? జెత్రో టల్ ఇయాన్ ఆండర్సన్! 1989లో ఆయన బ్యాండ్‌కి మెటల్ గ్రామీ ఇచ్చారని ఊళ్లన్నీ ఏకమై తిట్టాయి, ఇన్నేళ్లకి ఆయన ఒక మెటల్ ఆల్బమ్‌లో నిజంగానే చేరాడు. ఇక ఫ్లూట్ సంగతి వచ్చింది కాబట్టి, మన దిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ వాళ్ల 2025 ఆల్బమ్‌లో నాకు నచ్చేది కూడా అదే. ఢోల్‌ని అందరూ మెచ్చుకుంటారు గానీ, అంత దట్టమైన మిక్స్‌లో ఆ వేణువే లేకపోతే ఊపిరాడదు.

మెటాలికా 72 సీజన్స్ నాకు సగమే నచ్చింది. డెబ్బై ఏడు నిమిషాలు ఏంటండీ బాబూ, పన్నెండు పాటల్లో నాలుగు తీసేస్తే ఎవరికీ లోటు తెలియదు. కానీ చివరి పాట ఇనామొరాటా, పదకొండు నిమిషాలది, దాని నడుమ అన్నీ పక్కకి తప్పుకుని రాబర్ట్ ట్రుహీయో బేస్ మిగులుతుంది చూడండి, ఆ చోటు కోసం ఆల్బమ్ మొత్తాన్ని క్షమించొచ్చు. జూడాస్ ప్రీస్ట్ ఇన్విన్సిబుల్ షీల్డ్ సౌండు కూడా నిగనిగలాడేదే, గట్టిదే. అయినా అలసట రాదు. ఎందుకంటే పాట కట్టడంలోనే చోటు ఉంది: హాల్‌ఫర్డ్ పాడేటప్పుడు గిటార్లు అణిగి ఉంటాయి, ఆయన ఆపాక సోలో లేస్తుంది, ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డురారు. ఆ ఆల్బమ్ వచ్చేనాటికి డెబ్బై రెండేళ్ల మనిషి ఆ పైస్థాయి పట్టుకున్నాడంటే చుట్టూ ఉన్నవాళ్లు దారి ఇచ్చారనే కదా.

గొంతుల విషయంలో మాత్రం ఇప్పటి తరానికి తిరుగులేదు. స్పిరిట్‌బాక్స్ గాయని కోర్ట్‌నీ లప్లాంట్ ఒకే లైనులో మామూలు పాట నుంచి గ్రౌల్‌లోకి, అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి అతుకు కనపడకుండా వెళ్లొస్తుంది. 2025లో వచ్చిన సునామీ సీ ఆల్బమ్‌లో ఆ రెండు గొంతులకీ చోటు దొరికిన పాటలున్నాయి, సింథ్ కింద నలిగిపోయినవీ ఉన్నాయి. ఇక లోర్నా షోర్ బ్యాండ్ గాయకుడు విల్ రామోస్. 2021లో టు ద హెల్‌ఫైర్ పాట చివర్లో ఆయన చేసిన శబ్దాలకి నెట్టంతా నోరెళ్లబెట్టింది, ఆ తర్వాత ఆయన గొంతులోకి కెమెరా పంపి మరీ చూశారు, ఇది ఎలా చేస్తున్నాడురా నాయనా అని. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన వాళ్ల కొత్త ఆల్బమ్ నేను రెండు వాయిదాల్లో విన్నాను, ఒక్క బిగిన వినడం నా వల్ల కాలేదు. అలాంటి గొంతు చుట్టూ ఆర్కెస్ట్రా, కోరస్ బృందం, బ్లాస్ట్ బీట్లు, మూడు పొరల గిటార్లు అన్నీ పేర్చేసి, చివరికి ఆ గొంతునే వెతుక్కోవాల్సి వస్తోంది. లోర్నా షోర్ ఫ్యాన్స్ తిట్టాలనుకుంటే నిక్షేపంగా తిట్టండి. నేను అడిగేది ఒకటే, అదే ఆల్బమ్‌ని ఆర్కెస్ట్రా తీసేసి, డ్రమ్స్‌ని ఎలా కొడితే అలా ఉంచి ఇంకో మిక్స్ బయటపెడితే, విడుదలైన రోజే కొనుక్కుంటాను.